అందరికీ ఒకటే జిల్లేడాకు

అనగనగా ఒక అడవిలో ఎవరికి ఏ కీలు నొప్పెట్టినా ఒకటే మాట. "వాతం." మోకాలా? వాతం. వేలా? వాతం. పేరు ఒకటే కాబట్టి మందూ ఒకటే. జిల్లేడాకుకి ఆముదం రాసి, ఎండకి కాగిన బండ మీద వెచ్చబెట్టి, నొప్పి ఉన్నచోట కట్టెయ్యడం.

ఆ మందు మొదలెట్టింది గుమ్మడమ్మ అనే ముసలి ఏనుగు. దానికి మోకాళ్ళ నొప్పులు. ఆకు కట్టుకుంటే కాస్త హాయిగా ఉండేది. అంతే, ఇక అడవికంతటికీ తనే డాక్టరు. మన వీధిలో లేరా అలాంటోళ్ళు? నవ్వకండి, నేనెవరి పేరూ చెప్పలేదు.

ఆ అడవిలోనే రివటమ్మ అని ఒక ఆడకోతి ఉండేది. చిన్న వయసు. పొట్టకి కరుచుకుని ఒక పసిపిల్ల. చలికాలంలో దానికి వేళ్ళు నొప్పులు మొదలయ్యాయి. రెండు చేతులకీ. పేను దొరికినా గోటికి చిక్కేది కాదు. తోటికోతులు ఊరుకుంటాయా?

"ఈ వయసులో వాతమేంటే? పేలు చూడ్డానికి బద్ధకమని చెప్పొచ్చుగా!"

గుమ్మడమ్మ మాత్రం జాలిపడింది. "రావే అమ్మాయ్, నా ఆకు కట్టుకో. నాకు తగ్గింది, నీకూ తగ్గుద్ది."

రివటమ్మ కట్టుకుంది. నెల అయింది. రెండు నెలలయింది. వెచ్చగా ఉన్నంతసేపు బానే ఉండేది, ఆకు తీస్తే మామూలే. ఈలోగా ఎడమచేతి చిటికెనవేలు కాస్త వంకర తిరిగింది.

"ఇంకా తగ్గలేదు పెద్దమ్మా," అంది.

"నువ్వు గట్టిగా కట్టట్లేదు," అంది గుమ్మడమ్మ.

రివటమ్మకి లోపల ఒకటే భయం. తొలకరి పడితే వాగు పొంగుద్ది. ఇవతల గట్టంతా మునిగిపోద్ది. కోతులన్నీ కొమ్మ మీంచి కొమ్మకి దూకి అవతల కొండకి పోవాలి. పిల్ల తన పొట్టని పట్టుకుంటుంది. మరి తన చేతులు కొమ్మని పట్టకపోతే?

ఇంతలో ఇప్పపువ్వు రాలే కాలం వచ్చింది. బుర్రయ్య అనే ఎలుగుబంటికి అదే పండగ. ఒకరోజు తెల్లారేసరికి దాని కుడికాలి బొటనవేలు వాచి, ఎర్రగా నిగనిగలాడిపోతోంది.

"అక్కా! చచ్చిపోతున్నా!" అని గుమ్మడమ్మ దగ్గరికి ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చాడు.

"వాతంరా. కూర్చో," అని గుమ్మడమ్మ వేడివేడి ఆకు తీసి ఆ వేలికి చుట్టింది.

ఆ తర్వాత బుర్రయ్య పెట్టిన కేకకి చెట్ల మీద పిట్ట మిగల్లేదు. గెంతి, పొర్లి, కాలు తీసుకెళ్ళి వాగులో పెట్టాడు. "నీ ఆకు నువ్వే కట్టుకో అక్కా, నీకు దణ్ణం!"

కోతులన్నీ పడీ పడీ నవ్వాయి. రివటమ్మ కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. ఆకు ఒకటే. పెద్దమ్మకి హాయి, బుర్రయ్య మావయ్యకి మంట, నాకు ఏమీ లేదు. అంటే మా ముగ్గురిదీ ఒకే వాతం కాదేమో?

ఆ మాటే పైకి అని, ఇంకో మాట కూడా అంది. "నేను వడ్రంగిపిట్ట తాత దగ్గరికి పోతున్నా. ఏ జబ్బో తట్టి చూసి చెప్తాడంట."

"చెట్లు కొట్టుకునేవాడికి మన ఒళ్ళేం తెలుసే?" అని గుమ్మడమ్మ మూతి ముడిచింది. అయినా వెనకాలే బయల్దేరింది. వైద్యానికి కాదులెండి, పోట్లాడ్డానికి. బుర్రయ్య కుంటుకుంటూ వచ్చాడు.

వడ్రంగిపిట్ట తాత ముగ్గురినీ చూశాడు. "ఏం జబ్బు?"

"వాతం," అన్నారు ముగ్గురూ ఒకేసారి.

"చెట్టు పాడైందని అందరూ అంటారు. ఎండిందా, పురుగు పట్టిందా, లోపల బోలుగా ఉందా అన్నది కొట్టి చూస్తేనే తెలుసుద్ది. నొప్పి ఎప్పుడొస్తుంది? ఎక్కడొస్తుంది? ఎలా మొదలైంది? ఈ మూడూ చెప్పండి. ముందు నువ్వు, గుమ్మడమ్మా."

"నడిస్తే మోకాళ్ళు నొప్పి. కూర్చుంటే తగ్గుద్ది. ఏళ్ళ తరబడి మెల్లగా పెరిగింది. తెల్లారి లేస్తే పట్టేస్తాయిగానీ నాలుగడుగులు వేస్తే వదులవుతాయి."

"నీది అరుగుదల. రాయి మీద రాయి రాసుకుంటే అరగదా? నీ ఆకు నువ్వు కట్టుకో, తప్పులేదు. ఒళ్ళు కాస్త తగ్గించు. రోజూ వాగు నీళ్ళలో నడువు."

"ఒళ్ళా! నేనేం తింటున్నాననీ!"

తాత వినిపించుకోలేదు. "నువ్వు చెప్పు, బుర్రయ్యా."

"రాత్రి బానే ఉంది తాతా. తెల్లారేసరికి ఒక్కటే వేలు, నిప్పు. ఈగ వాలినా ఓర్చుకోలేను."

"పులిసిన ఇప్పపువ్వు తిన్నావా?"

"ఏదో కాస్త."

"ఎంత కాస్త?"

"చెట్టు కింద ఎంతుంటే అంత."

"అదీ సంగతి. ఒంట్లోంచి బయటికి పోవాల్సిన చెత్త పోక, కీలులో పల్లేరుకాయల్లా గుచ్చుకుంటోంది. దానిమీద వేడి పెడితే కేకే మరి. కాలికి చల్లటి నీళ్ళు, తాగడానికి మంచినీళ్ళు, నేనిచ్చే మందు. ఇప్పచెట్టు దగ్గరికి పోకు."

"అసలే పోకూడదా?" బుర్రయ్య కళ్ళలో నీళ్ళు. నొప్పికి కాదు, ఆ మాటకి.

చివరికి రివటమ్మ చెప్పింది. "రెండు చేతుల వేళ్ళూ తాతా. పొద్దు చెట్ల పైకెక్కేదాకా పిడికిలి ముడవదు. కదిలిస్తే నయం, కూర్చుంటే మళ్ళీ బిగుసుకుంటాయి. ఊరికే నీరసం. నాదంతా బద్ధకమని అంటున్నారు."

తాత దాని వేళ్ళు ఒక్కొక్కటీ ముక్కుతో మెల్లగా తట్టి చూశాడు. "బద్ధకం కాదమ్మా. చెట్టుకి కాపలా ఉండే ఎర్రచీమలు చెట్టునే కొరికితే ఎలా ఉంటుంది? నీ ఒంట్లో కాపలా అలా దారి తప్పింది. ఇది వయసుతో పనిలేకుండా వస్తుంది. మీ ముగ్గురిలో ఆలస్యం చెయ్యకూడనిది నువ్వే, అయినా ఆలస్యంగానే వచ్చావు."

గుమ్మడమ్మ చెవులు వాలిపోయాయి.

తాత ఒక చేదు మందు ఇచ్చాడు. దేనితో చేశాడో చెప్పను. చెబితే రేపు మీరు వెళ్ళి ఏదో చెట్టు గీక్కుతింటారు. మనుషులకైతే ఆసుపత్రిలో రక్తం తీసి, చూసి, అప్పుడు మందు రాస్తారు. "నొప్పి తగ్గిందని మానకూడదు. నన్ను అడక్కుండా అసలు మానకూడదు," అన్నాడు తాత.

నెలన్నరకి పిడికిలి ముడుచుకుంది. "తగ్గిందిగా, ఇంకెందుకే ఆ చేదు? ఆపెయ్," అన్నాయి తోటికోతులు. రివటమ్మ మొహం వంకరగా పెట్టి మందు మింగింది. అంత చేదు మరి.

తొలకరి పడింది. వాగు పొంగింది. కోతులన్నీ ఒక్కొక్కటే దూకాయి. చివర రివటమ్మ. పొట్ట కింద పిల్ల, కింద ఎర్రటి నీళ్ళు. దూకింది. తొమ్మిది వేళ్ళు కొమ్మని కరుచుకున్నాయి. చిటికెనవేలు ముడవలేదు. కొమ్మ ఊగింది, పిల్ల కీచుమంది. తొమ్మిది వేళ్ళూ వదల్లేదు.

ఆ పదో వేలు ఇప్పటికీ వంకరే. రెండు నెలలు ఆకు కట్టుకుని కూర్చున్నందుకు మిగిలింది అది.

వానలు తగ్గాక ఒక జింక వచ్చింది. "గుమ్మడత్తా, మెడ పట్టేసింది. వాతమేమో. నీ ఆకు కాస్త ఇస్తావా?"

గుమ్మడమ్మ తొండం జిల్లేడు చెట్టు దాకా పోయింది. అక్కడే ఆగింది. వెనక్కి వచ్చింది.

"ముందు ఇది చెప్పవే," అంది. "పొద్దున్న నొప్పా? నడిస్తే నొప్పా?"

నీతి: నొప్పులన్నిటికీ ఒకటే పేరు పెట్టినంత మాత్రాన అవన్నీ ఒకటే జబ్బు కావు, పక్కవాళ్ళకి తగ్గిన మందు మనం కట్టుకునే ముందు, మనకొచ్చింది ఏ నొప్పో తెలిసినవాళ్ళని అడగాలి, అదీ ఆలస్యం చెయ్యకుండా.