మాలచ్చి తొండంలో కాపురాలు

"ఓలమ్మో! నా తొండంలో ఎవరో కాపురం పెట్టేశారర్రా!"

ఆ కేకకి ఏనుగుల వీధంతా ఉలిక్కిపడింది. వీధంటే ఎక్కడిదనుకున్నారు పిల్లలూ? అనగనగా కొండ కింద ఒక అడవి. అక్కడ వెదురు పొదల మధ్య ఏనుగులు నడిచి నడిచి చదును చేసిన బాట ఉంది. అదే వాళ్ళ వీధి. దాని చివర నిలబడి అరుస్తున్నది మాలచ్చి అనే పడుచు ఏనుగు.

పక్కనే కోతి గవర్రాజు. ఫారెస్టు బంగళా కిటికీలోంచి ఒక భూతద్దం, ఒక సీసా ఎత్తుకొచ్చాడు.

"అద్దం పెట్టి చూశానే మాలచ్చీ! వేలమంది! పెళ్ళివారి విడిదిలా ఉంది. అందరూ క్రిములే!"

"ఇప్పుడేం చెయ్యాలిరా?"

"ఇదిగో మందు. ఒక్కటీ మిగలదు."

పెద్దమ్మ ఏనుగు అడ్డం వచ్చింది. "వైద్యురాలు పైడమ్మని ఒక్క మాట అడగరాదటే?"

"ఈలోగా అవి పిల్లల్ని పెడతాయి పెద్దమ్మా!" అంటూ మాలచ్చి తొండంలో మందు పోసుకుంది.

లోపల్నించి సన్నటి గొంతు వినిపించింది. "అమ్మా, నువ్వు పాలు తాగే రోజుల నుంచీ ఇక్కడే ఉన్నాం."

"నన్నడిగి దిగారా?" అంది మాలచ్చి.

రెండో రోజు మళ్ళీ పోసింది. "మేం పోతే కింద కాపలావాళ్ళని లేపేదెవరమ్మా?" అంది గొంతు.

మాలచ్చికి అయోమయం. "కింద ఇంకా ఎవరున్నారు? ఇంతకీ నేను ఏనుగునా, ఊరినా?" అయినా పోసింది.

మూడో రోజు పోస్తే ఏ గొంతూ లేదు. "గెలిచాను. మరి ఇంత బోసిగా ఉందేమిటి?" అనుకుంది.

ఏనుగులు ఎదురుపడితే ఒకరి నోట్లో ఒకరు తొండం కొస పెట్టి పలకరించుకుంటాయి. మళ్ళీ క్రిములు ఎక్కుతాయన్న భయంతో మాలచ్చి అది మానేసింది. తిండి కూడా బండ వెనక ఒక్కతే తినేది.

ఇంతలో ముసురు పట్టింది. ఈదురుగాలితో పాటు జబ్బు క్రిములు వచ్చాయి. తొండంలో "ఎవరు మీరు?" అని అడిగే దిక్కు లేదు. తిన్నగా ఊపిరితిత్తుల్లోకి దిగి కూర్చున్నాయి.

మొదట దగ్గు. తరవాత జ్వరం. ఆ తరవాత ఊపిరి అందక, మాలచ్చి వెదురు చిగురు కూడా ఎత్తలేక కూలబడింది.

"ఇంకో సీసా తెచ్చా, పొయ్యనా?" అన్నాడు గవర్రాజు.

అప్పుడే పెద్దమ్మ పైడమ్మని వెంటబెట్టుకొచ్చింది. పైడమ్మ ఒంటినిండా పొలుసులుండే అలుగు అనే జంతువు. మాలచ్చి ఛాతీకి చెవి ఆనించి విన్నది.

"నీ ఊపిరితిత్తుల్లో కాపలావాళ్ళున్నారే. చెడ్డ క్రిమి కనబడితే గుటుక్కున మింగేస్తారు. కానీ వాళ్ళకి కునుకెక్కువ. తొండంలోవాళ్ళు పైనుంచి కబురు పంపుతుంటేనే చురుగ్గా ఉంటారు. కబురు పంపేవాళ్ళని నువ్వే తరిమేశావు."

"తొండంలోవాళ్ళూ క్రిములే, జబ్బు తెచ్చినవాళ్ళూ క్రిములేనా?"

"కొన్ని చెడ్డవి. కొన్ని నీవి."

"నాకు తల తిరుగుతోంది పైడమ్మత్తా."

"తిరగనీ. ముందు కషాయం తాగు."

మాలచ్చి ఒకసారి సీసా వంక చూసింది, ఒకసారి కషాయం వంక చూసింది. ఆయాసపడుతూనే లేచి, సీసాని కాలితో తొక్కి, కషాయం తాగింది.

తొమ్మిది రోజులు పట్టింది. పెద్దమ్మ పక్కనుంచి కదల్లేదు. పదో రోజు జ్వరం దిగింది. మాలచ్చి సిగ్గుపడుతూ తొండం చాపి, పెద్దమ్మ నోట్లో కొస పెట్టి పలకరించింది. తరవాత పిన్ని వచ్చింది, చిన్నాన్న వచ్చాడు. అందరితోనూ పలకరింపులయ్యాయి.

కాసేపటికి, ఆ పలకరింపుల్లో వాళ్ళ నోళ్ళనుంచి వచ్చినవాళ్ళెవరో తొండంలో మెల్లగా అడిగారు. "అమ్మా, ఇక్కడ ఖాళీ ఉందా?"

"బోలెడంత! రండి, రండి. ఇంతకీ మీరు నావాళ్ళా, పెద్దమ్మవాళ్ళా?"

"అది మాకూ తెలీదమ్మా. దిగమంటావా, వద్దా?"

మాలచ్చి పగలబడి నవ్వింది. ఊపిరి నిండా నవ్వి ఎన్నాళ్ళయిందో!

వీధి మధ్యలో వెదురు చిగుళ్ళు, పనసపళ్ళు కుప్ప పోశారు. గవర్రాజు దూరంగా కొమ్మ మీద నక్కి చూస్తున్నాడు.

"దిగరా! చేతులు కడుక్కుని రా!" అంది మాలచ్చి.

వాడు దిగొచ్చాడు. పైడమ్మ పక్కకి జరిగి చోటిచ్చింది. బండ వెనక్కి ఎవరూ పోలేదు. అందరూ ఒక్కచోట కూర్చుని, కడుపునిండా తిన్నారు.

నీతి: కంటికి కనబడనిదల్లా శత్రువు కాదు. మన ముక్కులోనూ గొంతులోనూ ఉండే మంచి క్రిములు ఊపిరితిత్తుల కాపలాని మెలకువగా ఉంచుతాయి. మనవాళ్ళెవరో తెలుసుకోకుండా తరమకూడదు, వైద్యుల్ని అడక్కుండా మందు వాడకూడదు.