తూము మూతి దగ్గరి మట్టి

అది ఆషాఢ బహుళ సప్తమి, గురువారం, సాయంత్రం ఆరు గంటలు. నేను దీపానికి వత్తులు చేసుకుంటుంటే భావన్నారాయణ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మా మావయ్యగారి దగ్గర సూక్ష్మజీవుల చదువు చదువుకున్న పిల్లాడు. వాళ్ళ నాన్న చినవీరయ్య పోయాడు. మర్నాడే పెద్దకర్మ.

"రేపు నేను కూర్చోను మాస్టారూ. మా బాబాయిని కానిచ్చేయమనండి," అన్నాడు మావయ్యగారితో.

చినవీరయ్య నూలుకి రంగులద్దేవాడు. షెడ్డులో మిగిలిన రంగునీళ్ళన్నీ ఏళ్ళ తరబడి వెనక కాలవలోకే వదిలాడు. అవి వాళ్ళ బావిలోకి ఊరాయి. ఆ నీళ్ళు తాగడం వల్లే వాళ్ళమ్మ మంచాన పడి చనిపోయిందని భావన్న నమ్మకం. అప్పట్నుంచీ తండ్రితో మాటల్లేవు, ఆ గడప తొక్కిందీ లేదు. రంగుని తినే జీవుల్ని పెంచి కాలవ బాగుచేస్తానని మాత్రం పట్టు పట్టాడు.

"ఆయన చేసిన పాపం కడగడానికే సరిపోతోంది నా బతుకు. పైగా పిండాలు కూడానా?"

"కన్నతండ్రిరా! నోటికి హద్దుండాలి," లోపల్నుంచి అత్తయ్యగారు కసిరారు.

మావయ్యగారు కోప్పడలేదు. "నీ సీసాలు ఎంతవరకూ వచ్చాయి?" అని అడిగారు.

భావన్న తల దించుకున్నాడు. ఏటి ఎగువన, మంచినీళ్ళ చెరువులో, పూలతోటలో ఎక్కడెక్కడి శుభ్రమైన మట్టీ తెచ్చి, అందులోని జీవుల్ని రంగునీళ్ళలో వదిలి చూశాడు.

"తినడం లేదు మాస్టారూ. రంగు తగిలితేనే చచ్చిపోతున్నాయి."

మావయ్యగారు లోపలికెళ్ళి రెండు సీసాలు తెచ్చి అరుగు మీద పెట్టారు. ఒకటి భావన్నదే, కుంకుమ కలిపినంత ఎర్రగా ఉంది. రెండోదాంట్లోనూ పోసింది ఆ రంగునీళ్ళే. కానీ అడుగున నల్లటి మట్టి, పైన తేటనీళ్ళు.

"ఆవకాయ జాడీల పక్కన ఆ కంపు దీనిదా! ఎలక చచ్చిందేమోనని గది గదీ వెతికించారు కదండీ నాచేత!" అన్నారు అత్తయ్యగారు.

భావన్న సీసా ఎత్తి సందె వెలుతురులో చూశాడు.

"ఎక్కడి మట్టి మాస్టారూ?"

"సగం పనే అయింది. రంగు విరిగింది గానీ విరిగిన ముక్కల్లో విషం ఉంటుంది. వాటినీ తినిపించాలి. అది నువ్వు చూసుకో."

"ఎక్కడిదండీ?"

"మీ షెడ్డు వెనక, రంగునీళ్ళు కాలవలో పడే తూము మూతి దగ్గరిది. ఏళ్ళ తరబడి ఆ రంగులోనే బతికి, దాన్నే తినడం నేర్చిన జీవులు. నువ్వు అటు వెళ్ళవుగా, నేనే వెళ్ళాను. ఎందుకని అడిగాడు మీ నాన్న. చెప్పాను. లేవలేనివాడు మంచం దిగి, తనే తవ్వి నా చేతిలో పెట్టాడు."

భావన్న సీసా దించి అడుగునున్న మట్టికేసి చూశాడు.

"'నేనిచ్చానని చెప్పకండి మాస్టారూ, పారబోస్తాడు' అన్నాడు."

నా చేతిలో వత్తి అలాగే ఉండిపోయింది. అత్తయ్యగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భావన్న ఆ సీసాని రెండు చేతులతో ఒళ్ళో పట్టుకుని, చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున మా ఇంట పొయ్యి వెలిగించలేదు. అందరం చినవీరయ్య ఇంటికి వెళ్ళాం. అత్తయ్యగారు నువ్వులు ఏరారు, నేను పిండాలకి బియ్యం కడిగాను. భావన్న గుండు చేయించుకుని, తడిబట్టలతో వచ్చి కూర్చున్నాడు.

పురోహితుడు తండ్రి పేరు చెప్పమన్నాడు. భావన్న చేతిలోని దర్భలకేసి చూస్తూ ఉండిపోయాడు. పేరు అందివ్వబోయిన పురోహితుణ్ణి మావయ్యగారు చేత్తో ఆపారు. ఆ పేరు అతని నోటి నుంచే రావాలని అందరం ఎదురుచూశాం.