నీళ్ళొచ్చేసినాయి

మంథనిలో చిదంబరయ్యగారి దగ్గరికి ఏ ప్రశ్న పట్టుకుని వెళ్ళినా ముందు చదవడంతోనే మొదలు. ఆయనకు చూపు పోయి ఆరేళ్ళయింది. శిష్యుడు ఉపనిషత్తు తెచ్చినా, పెళ్ళి శుభలేఖ తెచ్చినా, కోర్టు నోటీసు తెచ్చినా "పైకి చదువు నాయనా" అంటారు. కంటితో చదివితే అందరమూ పండితులమేననీ, నోటితో చదివినప్పుడే ఎవరికెంత అర్థమైందో బయటపడుతుందనీ ఆయన నమ్మకం. వాదించడం ఆయన పద్ధతి కాదు. ఆ పనికి లోకంలో మనుషుల కొరత లేదని నవ్వేవారు.

అలా కొరత తీర్చేవాళ్ళలో మా యాదగిరి ఒకడు. హైదరాబాదులో ఒక బీమా ఆఫీసులో ఉద్యోగం, నెలకొక ఆదివారం గురుదర్శనం, మిగిలిన తీరికంతా ఫోన్‌లో యుద్ధం. 'మన నగరాలు' అని ఒక గ్రూపు ఉంది. ఎనిమిది వందల మంది తెలుగువాళ్ళం ఉన్నాం అందులో. నేనూ ఉన్నాను కాబట్టి ఇంకొకరిని వెక్కిరించే హక్కు నాకు పెద్దగా లేదు. బతకడానికి హైదరాబాదు మేలా, బెంగుళూరు మేలా అన్నది అక్కడ తేలవలసిన సంగతి. ఏడాది గడిచినా తేలలేదు. బెంగుళూరు తరఫున చెంగల్రాయుడు అనే ఆయన నిలబడేవాడు. చిత్తూరు మనిషి, ఇరవై ఏళ్ళ కిందట అక్కడికి వెళ్ళి స్థిరపడ్డాడు. యాదగిరీ ఆయనా ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు, ఒకరి గొంతు ఒకరు విన్నది లేదు. అయినా తోడికోడళ్ళు కూడా అంత శ్రద్ధగా పోట్లాడుకోరు. ఎండాకాలమంతా తగవు నీళ్ళ మీదే నడిచింది. మీ ఇంటి కుళాయి తడిసి ఎన్నాళ్ళయిందని యాదగిరి అడిగేవాడు. మీకు వానొస్తే కార్లకు తెడ్లు కొనుక్కోవాలి కదా అని చెంగల్రాయుడు అనేవాడు. చూసేవాళ్ళకు కాలక్షేపంగా ఉండేది.

ఆ ఆదివారం ఉదయం యాదగిరి ముఖం వెలిగిపోతూ వచ్చాడు. గదిలో అయ్యగారూ నేనూ తప్ప ఎవరూ లేరు. దండం పెట్టి, చాప మీద కూర్చుని, ఎన్నాళ్ళుగానో దాచుకున్న ప్రశ్న అడిగాడు.

"అయ్యగారూ, మనిషి బతకనీకి ఏ పట్నం మంచిది? నేనైతే ఏడాది సంది వాదించి ఆఖరికి గెలిచిన. మొన్న శుక్రవారం ఒక్క జవాబు ఇచ్చిన. ఇగ అంతే, రెండు దినాల సంది ఆ చెంగల్రాయుడు నోరు లేపుతలేడు."

రోజుకు పదిసార్లు రాసే మనిషి రెండు రోజులుగా రాయకపోవడం నేనూ గమనించాను. నేను కూడా దాన్ని గెలుపనే అనుకున్నాను.

"ఆయనేమన్నడో ముందు అది చదువు," అన్నారు అయ్యగారు.

యాదగిరి ఫోన్ తీశాడు. శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు చెంగల్రాయుడు పెట్టిన మాట అది. "మా ఇంటికి నీళ్ళొచ్చేసినాయి. ఎవరన్నా ఉండారా?" యాదగిరి దాన్ని తొడ చరిచి బరిలోకి దిగిన పహిల్వానులా చదివాడు. కుళాయికి నీళ్ళు వచ్చాయి, ఇప్పుడు నాకు ఎదురు చెప్పే మొనగాడెవడైనా ఉన్నాడా అన్నట్టు. మన నగరాల్లో నీళ్ళు రావడమంటే అదే కదా. బిందెలు కడుక్కుని, ఆఫీసుకు ఆలస్యం చేసుకుని ఎదురుచూస్తాం. వచ్చాయన్న కేక వినపడితే ఇల్లంతా లేచి పరుగెత్తుతుంది. పండగలాంటి మాట అది. దాని కింద యాదగిరి జవాబు ఉంది. "అయితే బిందెలు పట్టుకో అన్నా, మళ్ళ ఎన్నడొస్తయో." దాని కింద నలభై ఏడు నవ్వు బొమ్మలున్నాయి. అందులో ఒకటి నాది.

అయ్యగారు నవ్వలేదు. "ఆయనది ఇంకోసారి చదువు," అన్నారు. యాదగిరి చదివాడు.

"ఇప్పుడు నువ్వు చదివింది ఎవరి గొంతుతోని?"

"ఆయన గొంతుతోనే అయ్యగారూ."

"ఆయన గొంతు ఎన్నడన్న విన్నవా?"

"లేదు."

"మరి అది నీ గొంతే కద నాయనా. దాన్ని పక్కకు పెట్టి చదువు. మెల్లగ."

యాదగిరికి ఇది పిల్లల ఆటలా తోచినట్టుంది. అయినా గురువుగారి మాట కాబట్టి మెల్లగా, ఏ విరుపూ లేకుండా చదివాడు. మా ఇంటికి నీళ్ళొచ్చేసినాయి. ఎవరన్నా ఉండారా. చివరి మాట సగంలో అతని గొంతు ఆగిపోయింది. ఒక్క అక్షరం మారలేదు. శుక్రవారం మేము నలభై ఏడు మందిమి చదివి నవ్వుకున్న మాటలే అవి.

"శుక్రవారం అక్కడ వాన పడ్డదేమో చూడు," అన్నారు అయ్యగారు.

గెలిచిన సంతోషంలో యాదగిరి ఆ రెండు రోజులూ వార్తలు చూడలేదు. చూసినా బెంగుళూరు వాన ఫోటో ఏది కనపడినా అది పాత ఫోటో అని కొట్టిపారెయ్యడం మా పక్షానికి అలవాటే. ఇప్పుడు చూశాడు. శుక్రవారం మధ్యాహ్నం అక్కడ కుండపోతగా కురిసింది. ఒక చెరువు పొంగి మూడు వీధులు మునిగాయి. ఇద్దరు చనిపోయారు. ఒకరు వృద్ధుడు, ఇంకొకరు నడివయసు మనిషి, పేర్లు తెలియవలసి ఉంది. చెంగల్రాయుడి వయసెంతో మాకు తెలియదు. ఆయన నగరంలో ఏ రోడ్డు మీద ఎన్ని గుంతలున్నాయో ఏడాది పాటు ఏకరువు పెట్టినవాళ్ళం, ఆయన ఇంట్లో ఎవరెవరుంటారని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

గ్రూపులో ఆయన నంబరు ఉంది. ఏడాదిగా అక్కడే ఉంది. యాదగిరి మొదటిసారి దాన్ని నొక్కాడు. అవతల ఒక ఆడగొంతు కన్నడంలో ఏదో చెప్పి ఆగిపోయింది. మాకు కన్నడం రాదు కానీ ఫోన్ పనిచెయ్యడం లేదన్న సంగతి చెప్పడానికి ఏ భాషయినా ఒకటే. 'అన్నా, మంచిగున్నరా' అని రాసి పంపాడు. ఒక్క గీత పడింది. అవతలికి చేరినట్టు రెండో గీత పడలేదు. మళ్ళీ చేశాడు, మళ్ళీ కన్నడం. పది నిమిషాలకొకసారి చేస్తూనే ఉన్నాడు. భోజనాల వేళ దాటిపోయింది. అయ్యగారు లేవలేదు, మమ్మల్ని లేవమననూ లేదు. కళ్ళు మూసుకుని ఆ కన్నడం గొంతునే వింటూ కూర్చున్నారు.

దాచడమెందుకు, నేను భయపడింది ఒక్క చెంగల్రాయుడి కోసమే కాదు. రేపు ఏదైనా తెలిస్తే ఆ నలభై ఏడు మంది పేర్లూ అక్కడే ఉంటాయి కదా అనుకున్నాను. నా నవ్వు బొమ్మను తీసేద్దామని నా ఫోన్ తెరిచాను కూడా. చూపు లేని మనిషి ఎదుట కూర్చుని చాటుగా ఆ పని చెయ్యడానికి సిగ్గేసి మూసేశాను. ఇంత చిన్న బొమ్మకు అంత బరువుంటుందని నాకు అంతవరకు తెలియదు.

రెండు గంటల వేళ అవతల ఫోన్ మోగడం వినపడింది. ఎవరో ఎత్తారు. యాదగిరి స్పీకరు పెట్టాడు.

"ఎవురు?" అంది అవతలి గొంతు. మేము ఊహించుకున్న గొంతు కాదది. సన్నగా, నిద్ర లేక పీక్కుపోయి ఉంది.

"అన్నా, నేను యాదగిరిని. గ్రూపుల..."

"చెప్పన్నా. ఫోను తడిసిపోయింటే ఇప్పుడే పనిచేసింది."

"మంచిగున్నరా?"

వెనక ఎవరో రోగుల పేర్లు పిలుస్తున్నారు.

"నేను బాగుండా. మా నాయన లోపల ఉండాడు. ఊపిరి తీసుకోను కష్టమై మిషను పెట్టినారు. ఆయనకు రెండేండ్లుగా కాళ్ళు రావు గదన్నా." మాకు తెలుసన్నట్టు చెప్పాడు ఆ మాట. "నీళ్ళు మంచానికి తగిలినంక గ్రూపులో పెట్టినా. మా పక్క వీధోళ్ళు ముగ్గురుండారు అందులో. ఒకడన్నా వస్తే ఇద్దరం పట్టుకుని మేడెక్కించేస్తామని. వస్తారని చూస్తా ఉంటే నీ మాట వచ్చె. దాని కింద నవ్వులు వచ్చె. ఇంక ఎవురూ రారని తెలిసిపొయ్యె. నేనే వీపుకేసుకుని బయల్దేరినా. అప్పటికి నడుం లోతున్నాయి. గడప కాడ ఇద్దరం పడిపోతిమి."

యాదగిరి ముఖం కప్పుకున్నాడు. "తప్పయింది అన్నా. కుళాయి నీళ్ళనుకున్న," అన్నాడు.

"నీ జాగాలో నేనుండినా అట్లే అనుకుందునేమో లే," అన్నాడు చెంగల్రాయుడు. ఆ గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే మాకు కొంత నయంగా ఉండేది. "డాక్టరు పిలస్తా ఉండాడు, పెట్టేస్తా."

ఆ తర్వాత యాదగిరి చాలాసేపు ఏడ్చాడు. తండ్రి బతుకుతాడో లేదో తెలియదు. బెంగుళూరుకు బస్సు ఎప్పుడుందో చూసుకున్నాడు. సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. వచ్చినప్పుడు అడిగిన ప్రశ్న అతనికి గుర్తున్నట్టు లేదు.

"అయ్యగారూ, ఆనాడు నేనేమని రాయాల్సి ఉండె?"

అయ్యగారు చప్పుడు వినపడిన వైపుకు ముఖం తిప్పారు.

"నీళ్ళొచ్చినయ్ అన్నోణ్ణి, ఎందాక అని అడగొద్దా నాయనా," అన్నారు.