వెలగమెట్ట లోగడియమ్మ: తలుపు తట్టి నిలబడే ఆచారం

కొండదారికీ సముద్రపు రేవుకూ నడుమ ఉన్న చిన్న మెట్ట ఇది. ఇక్కడ గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. బస్సు దిగిన భక్తులు కొందరు ‘ఇంతేనా’ అని పెదవి విరుస్తారు. ఇంతే. ఒక గర్భగుడి, దానికి మద్దిచెక్క తలుపు, లోపల మోకాలెత్తు నల్లరాతి అమ్మవారు. ఆ తలుపుకు బయట గొళ్ళెం లేదు, తాళం లేదు. ఉన్న ఒక్క గడియా లోపలి వైపే ఉంది. అర్చకులు సైతం పొద్దున్నే వచ్చి తలుపు తట్టి, లోపలి నుంచి “రండి” అని ఆడగొంతు వినబడేదాకా మెట్టు మీద నిలబడవలసిందే. ఆ గొంతు ఎవరిదని వచ్చినవారంతా అడుగుతారు. తొందరెందుకు, అక్కడికే వస్తున్నాం.

పూర్వం ఇక్కడ ఉప్పుబండ్లు సాగే బాట ఉండేది. బాట పక్కన అచ్చియమ్మ అనే ఆవిడ పూటకూళ్ళ ఇల్లు నడిపేది. అమ్మవారి గుడి ఊడ్చి దీపం పెట్టేదీ ఆవిడే. చేతివంట అమృతం, నోరు మాత్రం ఊరుకునేది కాదు. విస్తరి ముందు కూర్చున్న ప్రతివారినీ “ఏ ఊరు, ఎవరి తాలూకు?” అని ఆరా తీయనిదే వడ్డించేది కాదు. ఇల్లు వదిలి వారాలైన బండివాడి క్షేమం ఎదురొచ్చే బండివాడి చేత వాడి ఇంటికి చేరవేసేది. నలభై ఊళ్ళ చుట్టరికాలు ఆవిడకు కంఠతా వచ్చు. అందులో కాస్త గర్వమూ ఉండేది, లేదనడమెందుకు.

ఒక వేసవి మధ్యాహ్నం వరాలు అనే ఇరవయ్యేళ్ళ పిల్ల కాళ్ళకు చెప్పులైనా లేకుండా వచ్చి అరుగు అంచున కూర్చుంది. ఎడమ చెయ్యి వాచి ఉంది. మెడ మీద మొగుడి వేళ్ళ గుర్తులున్నాయి. అచ్చియమ్మ పసుపు వేడిచేసి చేతికి పట్టు వేసింది, తన గదిలోనే పక్క వేసి పడుకోబెట్టింది. మూడు రోజులు బుజ్జగించి బుజ్జగించి అడగ్గా ఆ పిల్ల చివరికి పుట్టినూరి పేరు చెప్పింది. “ఎవరికీ చెప్పకు పిన్నీ” అని కూడా అంది. అచ్చియమ్మ తలూపింది. కానీ కన్నతల్లి ఎంత బెంగ పెట్టుకుందోననే ఆలోచన ఆవిడను నిలవనీయలేదు. తల్లికి చెబితే చెప్పినట్టు కాదులే అనుకుని, మర్నాడే ఆ దారిన పోయే బండివాడితో కబురు పంపింది.

కబురు చేరింది. ఆ తల్లి చెడ్డది కాదు. అల్లుడు కాళ్ళావేళ్ళా పడి ఏడిస్తే నమ్మి చెప్పేసింది. వారం తిరక్కుండా అతను ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని, చేతిలో పూలపొట్లంతో దిగాడు. అచ్చియమ్మ సంబరపడి పరమాన్నం వండింది. తానే వెళ్ళి గది తలుపు బార్లా తీసి, “నీకోసం వచ్చారమ్మా” అంది. వరాలు మొగుడి వంక చూడలేదు. అచ్చియమ్మ వంకే చూసింది. లేచి అతని వెంట వెళ్ళిపోయింది. ఆ చూపు తర్వాత చాలా రోజులు ఆవిడకు ముద్ద దిగలేదు.

రెండు నెలలకు వరాలు మళ్ళీ వచ్చింది, ఈసారి కుంటుతూ. పూటకూళ్ళ ఇంటి ముందు నుంచే నడిచినా ఆ గుమ్మం వైపు కన్నెత్తలేదు. మెట్ట ఎక్కి గుడిలో దూరి, అమ్మవారి వెనక ముడుచుకు కూర్చుంది. అచ్చియమ్మ అన్నం పట్టుకెళితే గోడ వైపు తిరిగిపోయింది. మొగుడు వెతుక్కుంటూ నేడో రేపో వస్తాడు. ఈసారి తీసుకుపోతే పిల్ల దక్కదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అచ్చియమ్మ అన్నం అక్కడ పెట్టి, బయట స్తంభానికి చేరబడి ఏడ్చి ఏడ్చి కునుకు తీసింది. కలలో తన ఇంటి పంక్తిలో నల్లటి ముసలమ్మ ఒకామె విస్తరి ముందు కూర్చుని ఉంది. అలవాటు ఎక్కడికి పోతుంది, “ఏ ఊరమ్మా, ఎవరి తాలూకు?” అని అడగనే అడిగింది. ముసలమ్మ కలిపిన ముద్ద విస్తట్లో వదిలేసి లేచింది.

“అన్నం పెట్టేదానివి అన్నం పెట్టవే. నా ఊరితో నీకేం పని?”

“తప్పయింది తల్లీ, కూర్చో” అని అచ్చియమ్మ కాళ్ళు పట్టుకుంది.

“నా గుడికి గొళ్ళెం బయట పెట్టారు. ఎవరు పడితే వాళ్ళు తీస్తారు, ఎవరు పడితే వాళ్ళు మూస్తారు. గడియ లోపల పెట్టించు. తీసేది లోపలున్నదాని ఇష్టం. నువ్వైనా సరే, తట్టి నిలబడు.”

మెలకువ రాగానే అచ్చియమ్మ వడ్రంగిని పిలిపించింది. పొద్దు వాలకముందే బయటి గొళ్ళెం ఊడింది, లోపల గడియ అమరింది. “ఇది నీ చేతిలో ఉంటుందమ్మా” అని మాత్రం వరాలుతో చెప్పి బయటికి వచ్చేసింది. వెనకాల గడియ పడిన చప్పుడు విని ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

మర్నాడే అతను వచ్చాడు, ఆ పెద్దమనుషులతోనే. వరాలు జాడ అడిగితే, నలభై ఊళ్ళ కబుర్లు చెప్పే అచ్చియమ్మ “ఊరూ పేరూ అడగడం మానేశానయ్యా” అని పొయ్యి ఊదుకుంటూ కూర్చుంది. ఊరంతా గాలించి అతను గుడి మెట్టెక్కాడు. తలుపు తోస్తే రాలేదు.

“నేను రాను” అంది లోపలి గొంతు.

అది వరాలు గొంతో, అమ్మవారి గొంతో పెద్దమనుషులకు తెలియలేదు. అతను మొదట బతిమాలాడు. బంగారం అన్నాడు, తల్లీ అన్నాడు. తలుపు కదలకపోయేసరికి ఇంట్లో రోజూ అనే మాటలన్నీ నోటికొచ్చాయి. అమ్మవారి గుమ్మంలో, పదిమంది వింటుండగా తిట్టాడు. పెద్దమనుషుల్లో ముసలాయన తలపాగా సర్దుకుని, “ఇంట్లో ఇంకేం చేస్తావో ఇప్పుడు తెలిసింది. పద” అన్నాడు. ఆ తర్వాత అతని వెంట రావడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు.

వాళ్ళు వెళ్ళాక అచ్చియమ్మ వేడన్నం పట్టుకెళ్ళి తలుపు తట్టింది. గడియ కదలలేదు. ‘నేనే, తియ్యమ్మా’ అనబోయి ఊరుకుంది. అన్నం చల్లారిపోయింది. మెట్ట దిగి మళ్ళీ వండి తెచ్చింది, అదీ చల్లారింది. మూడోసారి గిన్నె పట్టుకుని నిలబడగా గడియ కదిలింది.

“తప్పు నాదే తల్లీ. నీ కొంప నేనే తీశాను” అంది అచ్చియమ్మ.

వరాలు పక్కకు జరిగి దారిచ్చింది. “లోపలికి రా పిన్నీ. ఇద్దరం తిందాం” అంది.

ఆ పిల్ల మరి ఆ మెట్ట దిగలేదు. ముసలిదయ్యేదాకా అక్కడే ఉండి, తనలా వచ్చినవారికి ఎందరికో పక్క వేసింది. అమ్మవారికి లోగడియమ్మ అనే పేరూ అప్పటి నుంచే స్థిరపడింది.

నేటికీ ఇల్లు విడిచి వచ్చిన ఆడవారిలో ఒకరు గర్భగుడిలో నిద్రచేస్తారు. పొద్దున్నే అర్చకులను “రండి” అని పిలిచేది వారే. కిందటి చైత్రంలో ఒకనాడు లోపలి నుంచి “ఇంకాసేపు” అని వినిపించింది. అర్చకులు, నైవేద్యం, భక్తులు అందరూ మధ్యాహ్నం దాకా మెట్ల మీదే. విసుక్కున్న ఒకాయనకు అర్చకులు విసనకర్ర ఇచ్చారు. ఈ గుమ్మంలో చిరాకు పడకుండా నిలబడినవారి ఇంట అమ్మవారు కలహం రానీయదని పెద్దలు చెబుతారు.

దర్శనమయ్యాక అందరూ తిరుగు బస్సు ఎక్కుతారు. ఎక్కలేనివారు మీలో ఎవరైనా ఉంటే, గుడి వెనక వరుస గదులున్నాయి. పేరు చెప్పనక్కరలేదు. ఎన్నాళ్ళుంటారని ఎవరూ అడగరు. వంటశాల ఎడమ పక్కన ఉంది, ముందు భోంచేయండి.