చేపలా ఏరి తెచ్చిన లెన్సు

మా కొల్లేటి గట్టు వీధిలో చెవుల్లో దూది పెట్టుకుని తిరిగే కుటుంబం ఒకటుంది. చలికి కాదండీ, బుర్రలో తెలివి ఎక్కడ కారిపోతుందోనని! ఇంటికి పెద్ద నాంచారయ్య ఆటో తోలుతాడు. ఆయన భార్య మంగతాయారు బజార్లో చేపలమ్ముతుంది. తమ్ముడు పెద్దిరాజు అన్న తోలనప్పుడు ఆటో తోలుతాడు, మిగతా వేళల్లో పాత కెమెరా ఒకటి మెడకి తగిలించుకుని పిట్టల్ని ఫోటోలు తీస్తాడు. అదొక సరదా.

"మనలాంటి తెలివైన ఇల్లు ఈ చుట్టుపక్కల లేదే" అనేవాడు నాంచారయ్య.

"లేదండీ. మొన్న ఇంటింటికీ తిరిగి అడిగాను కూడా" అనేది మంగతాయారు.

ఆ ఇంట్లో దూది పెట్టుకోనిది పెద్దిరాజు పెళ్ళాం సత్యవేణి ఒక్కతే. పాపం, ఆ పిల్లకి దాచుకునేంత తెలివి లేదని మిగతా ముగ్గురికీ బెంగ.

ఒకరోజు సత్యవేణి కొత్త చీర కట్టుకుని గట్టు మీద నిలబడి, "ఏవండీ, నాకొక ఫోటో తియ్యండి. నేను చెప్పేదాకా ఆపకండి" అంది. పెద్దిరాజు కెమెరా ఎత్తాడు. "కొంచెం వెనక్కి... ఇంకొంచెం... చెరువు కూడా పడాలి కదా" అన్నాడు. ఆమె వెనక్కి, వెనక్కి జరిగింది. అంతే! దబ్బుమని నీళ్ళలో పడింది. "అయ్యో, పట్టుకోండీ!" అని అరిచింది. అరిచింది గానీ ఆపమని చెప్పలేదుగా! పెద్దిరాజు తీస్తూనే ఉన్నాడు. ఆమె మునిగింది, తీశాడు. తేలింది, తీశాడు. గుర్రపుడెక్క మొక్కలు నెత్తినేసుకుని తనంతట తనే ఒడ్డెక్కింది, అదీ తీశాడు.

సత్యవేణికి ఒళ్ళు మండిపోయింది. "చూడండి, మీ ఫోటోల్లో నేను చీమంత, పిట్ట చుక్కంత! ఒక్క పిట్ట కన్ను నాకు కనబడేలా తీసిన రోజున ఫోన్ చెయ్యండి, వస్తాను. అప్పటిదాకా ఈ గడప తొక్కను" అని సంచి సర్దుకుని గట్టుకి అవతలి చివర ఉన్న పుట్టింటికి వెళ్ళిపోయింది.

పెద్దిరాజుకి ఆమెంటే ప్రాణం. అన్నం సహించదు, నిద్ర పట్టదు. ఆమె తువ్వాలు దండెం మీద కనబడితే చాలు, బావురుమనేవాడు. చూడలేక నేనే కేకేసి చెప్పాను. "ఒరేయ్, నీ కెమెరాకి దూరపు లెన్సు లేదురా, అందుకే పిట్ట చుక్కలా పడుతోంది. ఏలూరెళ్ళి చవకలో మంచి జూమ్ లెన్సు చూసుకో. వస్తువు చూసి ఏరుకోవడం తెలిసినవాళ్ళని వెంటబెట్టుకెళ్ళు."

ఇంకేముంది! వస్తువు ఏరడంలో మంగతాయారుని మించినవాళ్ళెవరు? చేప చూపిస్తే చాలు, ఎప్పుడు పట్టారో, ఏ మడుగులో పట్టారో చెప్పేస్తుంది. ముగ్గురూ చెవుల్లో దూది గట్టిగా కుక్కుకుని ఆటోలో బయల్దేరారు.

కొట్టతను మర్యాదస్తుడు. ముందు పొట్లకాయంత పొడుగు లెన్సు తీశాడు. "అమ్మా, ఇది మసక చీకట్లో కూడా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అందుకే ఖరీదెక్కువ."

"చీకటి పడితే పిట్టలు పడుకుంటాయి నాయనా. పడుకున్నవాటిని లేపితే పాపం రాదూ? లోపలెట్టు" అంది మంగతాయారు.

రెండోది పొట్టిది తీశాడు. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుంది. "వాసనే లేదు. ఐసులో పెట్టి ఎన్నాళ్ళయిందో!"

మూడోది ఎవరో వాడి అమ్మేసిన లెన్సు. "ఇది డెబ్భై నుంచి మూడొందల దాకా వస్తుంది సార్" అన్నాడు కొట్టతను.

నాంచారయ్య పకపకా నవ్వాడు. "డెబ్భైకి వచ్చేదానికి మూడొందలెవడిస్తాడయ్యా? డెబ్భైకి ఖాయం చెయ్యి!"

"అది ధర కాదు సార్, ఎంత దూరం లాగుతుందో ఆ కొలత!"

"సరే, దూరం తగ్గించుకో, ధర కూడా తగ్గించు. మా పిట్టలు దగ్గర్లోనే ఉంటాయి" అన్నాడు నాంచారయ్య.

కొట్టతను నెత్తి పట్టుకున్నాడు. ఈలోగా మంగతాయారు ఆ లెన్సుని దీపం కిందికి పట్టుకెళ్ళి గాజులోకి చూసింది. చేప కన్నులోకి ఎలా చూస్తుందో అలాగే! "కన్ను తేటగా ఉంది. పొర కమ్మలేదు. పొట్ట గట్టిగా ఉంది. మరిదీ, ఇది నిన్న పట్టిందే. తీసుకో" అంది. మళ్ళీ కొట్టతని వైపు తిరిగి, "మూత తీసేసి తూచు బాబూ. తలకాయకి మేం డబ్బులివ్వం" అంది.

కొట్టతను వాళ్ళని బయటికి పంపించేసేవాడే. కానీ పెద్దిరాజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "అన్నా, పిట్ట కన్ను కనబడకపోతే మా ఆవిడ రాదన్నా." కొట్టతని మనసు కరిగింది. ధర బాగా తగ్గించాడు. "తమాషా ఏంటంటే, మీ వదిన మంచిదే ఏరింది. గాజులో బూజు లేదు, నీ కెమెరాకి సరిపోతుంది. సరదాకి తీసేవాడివి, పగటి వెలుతుర్లో నీకు ఇంతకంటే అక్కర్లేదు. ఈ రింగు ఇటు తిప్పితే దూరంగా ఉన్నది దగ్గరకొస్తుంది, అటు తిప్పితే దూరంగా పోతుంది. నొక్కేటప్పుడు ఊపిరి బిగబట్టు, చెయ్యి కదలకూడదు. వస్తువుని మాత్రం పసిబిడ్డలా చూసుకో" అన్నాడు.

పసిబిడ్డలా చూసుకోమన్నాడా? అంతే! ఇంటికి రాగానే ఉయ్యాల కట్టారు. సాంబ్రాణి వేశారు. నాంచారయ్య పక్కన కూచుని లాలిపాట పాడాడు. పాలు పడదామని గిన్నె తెచ్చాడు కూడా, మంగతాయారు కసిరింది. "అరిగించుకోలేదండీ, ఒక్క తేన్పైనా రావడం లేదు దానికి!" ఆ మాట ఆ దేవుడే పలికించి ఉంటాడు, లేకపోతే లెన్సు ఆ రోజే పోయేది. "ఇంత తెల్లటి కన్ను! దిష్టి తగులుతుంది" అని ఆఖర్న కాటుక తీసి గాజు మీద ఇంత చుక్క పెట్టింది.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ గట్టెక్కారు. దూరంగా నీళ్ళలో గూడబాతులు, అవేనండీ, మూతి కింద సంచి వేలాడే పెద్ద పిట్టలు. పెద్దిరాజు కెమెరాకి కన్ను పెట్టి రింగు తిప్పాడు. మసకగా ఉన్నా, ఇంత పెద్ద గూడబాతు!

"అన్నా, వచ్చేసింది! మన ముందే ఉంది!"

"ఏదిరా?" అని నాంచారయ్య కన్ను పెట్టి చూశాడు. నిజమే! ముక్కుకి ఎదురుగా ఉంది. "కదలకు, దాని కన్ను తెరిచి పట్టుకుంటా" అని రెండు చేతులూ చాపి ఒక్క ఉరుకు ఉరికాడు. ఇంకేముంది, మొల లోతు బురదలో దిగబడ్డాడు.

"అంత దూరం నుంచి పిలవగానే వస్తే, తిండి పెట్టకుండా మీద పడతారా? అదేం మర్యాద?" అని మంగతాయారు మొగుణ్ణి తిట్టింది. బజారుకి తెచ్చుకున్న చేపల బుట్ట ఎత్తి గాజుకి ఎదురుగా గుమ్మరించింది. "తిను తల్లీ, మొహమాటపడకు" అంది.

చేపలు కనబడితే గూడబాతులు ఆగుతాయా? రెక్కలు కొట్టుకుంటూ నిజంగానే వచ్చేశాయి. ఒకటి నాంచారయ్య నెత్తి మీద నిలబడింది. పెద్దిరాజు ఊపిరి ఎప్పుడో బిగబట్టాడు, ఎప్పుడు వదలాలో కొట్టతను చెప్పలేదుగా! మొహం ఎర్రబడింది, తర్వాత నీలంగా మారింది. కళ్ళు తిరిగి వెల్లకిలా పడుతూ పడుతూ మీట నొక్కేశాడు.

తెలివొచ్చాక చూసుకున్నాడు. మసిపట్టిన అద్దంలో చూసినట్టుంది ఫోటో. అయినా అందులో నాంచారయ్య నోరు తెరిచి ఏడుస్తున్నాడు, ఆయన నెత్తిన గూడబాతు, దానికి గుండ్రటి కన్ను! పెద్దిరాజు గంతులేసి ఆ ఫోటో సత్యవేణి ఫోన్‌కి పంపించాడు.

సత్యవేణి చూసింది. బావగారి నెత్తిన పిట్టని చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నవ్వి నవ్వి ఏడ్చింది. తన మొగుడు తన కోసం ఇంత చేశాడా అని ఆమెకి మనసు పొంగిపోయింది. "కన్ను కనబడిందండీ, బయల్దేరుతున్నా. మన గట్టు మీదే ఉండండి" అని ఫోన్ చేసింది. ఆటో మాట్లాడుకుని ఎక్కేసింది.

పెద్దిరాజు కెమెరా పట్టుకుని గట్టు చివరికే చూస్తూ నిలబడ్డాడు. ఆటో కనబడింది. రింగు తిప్పాడు. ఆటోలో సత్యవేణి! మసకలోనూ నవ్వుమొహం తెలుస్తోంది. సంతోషంతో చేతులు వణికాయి. వణికిన చేతుల్లో రింగు గిర్రున అటు తిరిగింది. సత్యవేణి కాస్తా చుక్కంత అయిపోయింది.

"వదినా! వెనక్కి వెళ్ళిపోయింది! దగ్గరిదాకా వచ్చి మళ్ళీ అలిగింది!" అని నేల మీద కూలబడి ఏడ్చాడు.

"నువ్వే ఏదో అనుంటావు" అంది మంగతాయారు.

"ఏడుస్తూ కూచుంటే ఎలారా? వెంటపడి కాళ్ళావేళ్ళా పడదాం, ఎక్కండి!" అన్నాడు నాంచారయ్య బురద కారుతూ. ముగ్గురూ ఆటోలో పడ్డారు. నాంచారయ్య గేరేశాడు. పెద్దిరాజు వెనక సీట్లోంచి బయటికి వంగి కెమెరా కంటికి అతికించుకుని కూచున్నాడు, పెళ్ళాం ఎంత దూరం పోయిందో చూడాలి కదా!

గట్టు దారి ఇరుకు. ఎదురుగా సత్యవేణి ఆటో వస్తోంది. రెండాటోలూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పోవాలి. పెద్దిరాజుని చూడగానే ఆమె మొహం వెలిగిపోయింది. కానీ అతనికి గాజులో అంతా ముద్దగా, మసకగా అయిపోయింది. లెన్సు మూతికి మరీ దగ్గరికొస్తే అది చూపించలేదండీ. కన్ను తీసి చూడరా అంటే తియ్యడే!

"అన్నా, మంచులో కలిసిపోయింది! ఇక ఆనవాలే లేదు!" అని గుండెలు బాదుకున్నాడు.

సత్యవేణి చెయ్యి చాపి అతని చొక్కా పట్టుకుంది. "ఏవండీ! ఏవండీ, ఇక్కడున్నాను! ఆపండీ!" అని చెవిలో అరిచింది.

పెద్దిరాజు కళ్ళు తుడుచుకున్నాడు, కెమెరా మాత్రం దించలేదు. "ఇంకా వేగంగా పోనీ అన్నా!" అన్నాడు. "అంత దూరం పోయి కూడా నా సత్యవేణి గొంతు చూడు, పక్కనే ఉన్నట్టు ఎంత బాగా వినబడుతోందో!"