ట్యాంకు అడుగు కుళాయి

పార్కులో టవర్ ఆట నడిపే హ్యాండిల్ తన చేతికి ఎప్పుడిస్తారోనని ఆదిశేషు ఏడాదిగా ఎదురుచూస్తున్నాడు. పని నేర్పే మస్తాన్ సాహెబు మాత్రం ఇవ్వడం లేదు. ఆయన్ని అక్కడ అందరూ ఉస్తాద్ అంటారు.

సైకిలు పంపు మూతిని వేలితో మూసి నొక్కితే లోపలి గాలి మన చేతిని వెనక్కి తోస్తుంది కదా, ఈ ఆటా అంతే. కంప్రెసర్ గాలిని అదిమి ఇనుప ట్యాంకులో నింపుతుంది. హ్యాండిల్ వంచగానే ఆ గాలి గొట్టంలోకి దూకి పిస్టన్‌ని తోస్తుంది. పిస్టన్‌కి కట్టిన తాడు కుర్చీల్లోని పన్నెండు మందిని చటుక్కున పైకి లాగేస్తుంది. పడేటప్పుడు వాళ్ళని మెత్తగా ఆపేదీ గొట్టంలో చిక్కుకున్న గాలే.

ఆదిశేషు భార్య నాంచారు పోయి నెల దాటింది. నాలుగో రోజునే అతను డ్యూటీకి వచ్చేశాడు. ఎవరైనా పలకరించబోతే పానా పుచ్చుకుని టవర్ వెనక్కి వెళ్ళిపోయేవాడు. అతని కంట తడి ఎవరూ చూడలేదు.

ఒక ముసురు పట్టిన ఉదయం, ఇంకా గేట్లు తెరవకముందే అడిగేశాడు.

"నా తర్వాత వచ్చినవాడికి హ్యాండిల్ ఇచ్చారు ఉస్తాద్. నా పనిలో వంక ఏముందో చెప్పండి. నెల రోజులుగా ప్రెషర్ మీటరు ముల్లు ఒక్క గీత దిగలేదు. ఇవాళ కూడా ఇవ్వకపోతే మానేస్తాను."

"ఒక్క గీత కూడా దిగలేదూ?"

"లేదు."

"అంటే ట్యాంకు అడుగు కుళాయి తిప్పడం లేదన్నమాట."

ఆదిశేషు నసిగాడు. "తిప్పితే గాలి దండగ కదా, ఉస్తాద్."

ఉస్తాద్ కోప్పడలేదు. ట్యాంకు కింద గొంతుకూచుని కుళాయి తిప్పాడు. బుస్సుమని తుప్పునీళ్ళు చిమ్మి ఆయన చొక్కా ఎర్రబారింది. ఎంతకీ ఆగలేదు.

"ముల్లు పడిపోతోంది ఉస్తాద్!"

"పడనీరా."

"మనం నింపింది గాలే కదా. ఇన్ని నీళ్ళెక్కడివి?"

"అదిమేకొద్దీ గాలిలో చెమ్మ నీరవుతుంది. రోజూ వదలకపోతే అడుగున చేరి ఇనుముని తినేస్తుంది. పైనున్న ముల్లుకి ఆ సంగతి తెలీదు."

నీళ్ళు అయిపోయి పొడిగాలి వచ్చాక కుళాయి కట్టేశాడు. చేతులు తుడుచుకుంటూ అడిగాడు:

"నాంచారు ఎప్పుడైనా ఈ టవర్ ఎక్కిందా?"

ఆదిశేషు తల తిప్పి చూశాడు. ఖాళీ కుర్చీల మీద వాన టపటపలాడుతోంది.

"ఒక్కసారి," అన్నాడు. "పక్కన నేనే కూచున్నా. గట్టిగా కళ్ళు మూసుకుంది. కిందికొచ్చాక కూడా... నా చెయ్యి..."

ట్యాంకుకి తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు.

ఉస్తాద్ అతని పక్కనే తడినేల మీద కూచుని, గేటు దగ్గరికి ఫోన్ చేశాడు.

"ఒక గంట ఆగండి. ట్యాంకు నిండాక శేషు నడుపుతాడు."