దారి బత్తెం

లాలప్ప నోరు తెరిచాడంటే చాలు, మొహిద్దీనుకు ఒళ్ళు మండేది.

నవాబుల కాలం నాటి మాట ఇది. రాయలసీమలో ఒక పాత కోటకు ఎదురుగా ఉన్న బోడిగుట్ట మీద షా రహీముల్లా అనే సూఫీ గురువు ఉండేవాడు. రెండు రాతి కొట్టాలు, నాలుగు వేపచెట్లు, పన్నెండుమంది శిష్యులు, అంతే ఆయన సంసారం. ఊళ్ళోవాళ్ళు ఆ చోటును తకియా అనేవాళ్ళు. పెద్దల గ్రంథాలన్నీ ఫార్సీలో ఉన్నాయి కాబట్టి, దేవుణ్ణి వెతుక్కుంటూ వచ్చినవాడైనా సరే అక్కడ ముందు ఫార్సీ నేర్చుకోవాల్సిందే. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బజారులో వినేది తెలుగు, కోపమొస్తే తిట్టుకునేది తెలుగు. అలాంటి నాలుకలకు ఫార్సీ పట్టించడానికి గురువుగారు పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు.

మొహిద్దీను దగ్గర మాత్రం ఆయనకు ఆ తిప్పలు లేవు. కోటలో నవాబు ఉత్తరాలు రాసే లేఖకుల ఇంట పుట్టినవాడు. తకియాకు వచ్చి ఏడేళ్ళయింది. ఒక్కసారి వింటే పాఠం మొత్తం పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. అతను చదువుతుంటే పారశీక దేశం నుంచి వచ్చిన గుర్రాల వ్యాపారులు కూడా, ఈ అబ్బాయిది ఏ ఊరు, మా దేశం వాడా అని ఆరా తీసేవాళ్ళు. ఆ మాట చెవిన పడ్డ రోజు మొహిద్దీను రెండు ముద్దలు ఎక్కువే తినేవాడు.

గురువుగారు పాఠం చెప్పేటప్పుడు ఒక గొర్రెతోలు మీద కూర్చునేవాడు. ఆయన తర్వాత ఆ తోలు మీద కూర్చునేది మొహిద్దీనే అని ఊరంతా అనుకునేది. మొహిద్దీనూ అనుకున్నాడు. అనుకోవడమే కాదు, పొద్దున్నే దాన్ని దులిపి పరిచేటప్పుడు ఎవరూ చూడకుండా ఒకటి రెండుసార్లు అంచు మీద కూర్చుని కూడా చూశాడు. బాగానే ఉంది.

అలాంటి సమయంలో ఏడాది కిందట ఈ లాలప్ప ఊడిపడ్డాడు.

దూదేకులవాడు. ఊరూరూ తిరిగి పరుపులకు దూది ఏకి బతికేవాడు. తకియా పరుపులు ఏకడానికి వచ్చి, గడప దగ్గర పాఠం విని, మరి వెళ్ళలేదు. మొహిద్దీను కంటే రెండేళ్ళు చిన్నవాడేమో. గడ్డంలో ఎప్పుడూ ఇంత దూది. నాలుక మహా మందం. పాఠంలో రెండో వాక్యం దగ్గరికి వచ్చేసరికి మొదటిది మరిచిపోయేవాడు. అతను చదవడం మొదలుపెడితే మిగతా శిష్యులు నవ్వు ఆపుకోలేక పై కండువాలు నోట్లో కుక్కుకునేవాళ్ళు.

కానీ వాడు అడిగేవాడు.

తకియాలో కొత్తవాళ్ళకు చెప్పే మొదటి పాఠం ఒక చిన్న కథ. ఎడారిలో దప్పికతో ఒక బాటసారి బావి దగ్గరికి వస్తాడు. చేతిలో సొరబుర్ర ఉంది కానీ తాడు లేదు. బావి గట్టు మీద ఒక ముసలాయన కూర్చుని ఉంటాడు. తన తలపాగా విప్పి, సొరబుర్రకు కట్టి, నీళ్ళు చేది ఇస్తాడు. బాటసారి తాగి, ముసలాయనను దీవించి వెళ్ళిపోతాడు. దయ అంటే ఏమిటో చెప్పే కథ. మొహిద్దీను దాన్ని నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు.

ఆ కథ చదివిన రోజున లాలప్ప నేలకేసి చూస్తూ, అక్కడే బావి ఉన్నట్టు కాస్త వంగి, ఆ ముసలాయన ఎవరని అడిగాడు. తాడు లేని బావి దగ్గర ఆయన ఎందుకు కూర్చున్నాడు? ఎప్పటి నుంచీ కూర్చున్నాడు? అడగడానికి ఫార్సీ చాలక సగం తెలుగులోకి దిగాడు. శిష్యులు నవ్వారు. గురువుగారు నవ్వలేదు. చేతిలో పుస్తకం మూసి పక్కన పెట్టేశాడు.

"ముప్పై ఏండ్లుగా చెప్తాండా ఈ కత," అన్నాడు. "ఆయప్ప ఎందుకు కూర్చున్నాడో నేనెప్పుడూ అనుకోలేదప్పా."

ఆ రోజు పాఠం ముందుకు సాగలేదు. రొట్టెలు చల్లారిపోయాయి. గురువుగారూ లాలప్పా వేపచెట్టు కింద కూర్చుని, ఊరు పేరు లేని ఒక ముసలివాడి గురించి పొద్దు తిరిగేదాకా మాట్లాడుకున్నారు. మొహిద్దీను రొట్టెలు మళ్ళీ వేడిచేసి రెండుసార్లు పిలిచాడు. ఇద్దరూ తల తిప్పలేదు.

అప్పటి నుంచీ రోజూ ఇదే తంతు. మొహిద్దీను గుక్క తిప్పుకోకుండా నాలుగు పుటలు అప్పజెబితే గురువుగారు "బాగుంది" అని పుట తిప్పేవాడు. లాలప్ప నత్తినత్తిగా ఒక్క వాక్యం చదివి ఏదో అడిగితే ఆయన ముఖం వెలిగిపోయేది. ఏడేళ్ళలో తను ఒక్కసారి కూడా తెప్పించలేని వెలుగు అది. దాన్ని చూసినప్పుడల్లా మొహిద్దీను, దూది ఏకుకునేవాడికి ఇంత మర్యాదా అనుకునేవాడు. వాడి చాప కొట్టం మూలకు జరిపాడు. వాడి పలక దాచిపెట్టాడు. ఏం చేసినా వాడు అడగడం మానలేదు, ఆయన వెలగడం మానలేదు.

ఒకనాడు ఉండబట్టలేక గురువుగారి దగ్గర బయటపడ్డాడు. ఏడేళ్ళలో తను ఒక్క తప్పు కూడా చదవలేదని, అది ఆయనకు తెలుసో తెలియదో అని కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు. గురువుగారు ప్రేమగా అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"అవును నాయనా," అన్నాడు. "ఒక్కటి గూడా లేదు."

ఆ మాట పొగడ్తో కాదో మొహిద్దీనుకు ఎంతకీ తేలలేదు.

చలికాలం వెళ్ళాక గురువుగారు ప్రయాణం కట్టాడు. కృష్ణకు అవతల ఉన్న తన గురువు సమాధిని చూసి రావాలని ఆయన కోరిక. కాలినడకన నలభై రోజుల దారి. వయసు మీద పడింది, తిరిగి వస్తాడో లేదో ఆయనకే తెలియదు. శిష్యులు సద్దులు కట్టడానికి సిద్ధమయ్యారు. ఒకడు జొన్నరొట్టెలన్నాడు, ఇంకొకడు వేయించిన శనగలన్నాడు.

"అవన్నీ ఊర్లల్లో ఎవరో ఒకరు పెడ్తారు," అన్నాడు గురువుగారు. "నాకు దారిబత్తెం వేరే కావల్ల. తలా ఒక ప్రశ్న ఇయ్యండి. నడస్తా నడస్తా ఆలోచించుకునేదానికి. ఎవరి ప్రశ్న నాకు ఎక్కువ దూరం వస్తాదో, వాళ్ళు ఈ తోలు మీద కూర్చోని పాఠం చెప్తారు."

దానికి మూడు రోజులు గడువిచ్చాడు.

మొహిద్దీను తనకున్న చదువంతా తిరగేశాడు. ప్రతి వాక్యానికీ అర్థం తెలుసు. అర్థం తెలిసిన చోట అడగడానికి ఏముంటుంది? పెద్ద పెద్ద మాటలతో ఒకటి రెండు ప్రశ్నలు కట్టి చూసుకున్నాడు. వాటికి జవాబులు కూడా అతనికే వచ్చు. అవి గురువుగారికి ఊరి పొలిమేర దాకా కూడా రావని అతనికి తెలిసిపోయింది. రెండు రోజులు గడిచాయి. అంతటి పండితుడికీ ఒక్క ప్రశ్న దొరకలేదు.

మూడోనాడు మిట్టమధ్యాహ్నం కొట్టం గోడ పక్కన నిలబడి ఉండగా అవతల దూది ఏకుతున్న చప్పుడు వినిపించింది. విల్లు నారి మీద దెబ్బ పడినప్పుడల్లా లాలప్ప ఒక ముక్క ఫార్సీ అనుకుంటున్నాడు. తప్పుగా అని, మళ్ళీ సరిచేసుకుని, అది కూడా తప్పని తెలుగులో తిట్టుకుని, మళ్ళీ మొదలుపెడుతున్నాడు. మొహిద్దీను చెవి గోడకు ఆనించాడు. ముక్కలన్నీ కలుపుకుంటే ప్రశ్న తెలిసింది.

తలపాగా ముసలాయన నెత్తి మీదే ఉంది కదా, బావిలో ముంచి పిండుకున్నా గొంతు తడిసేది. మరి తన దప్పికకు విప్పడానికి తోచనిది, ఎదుటివాడి దప్పికకు ఎలా తోచింది?

మొహిద్దీను ఆ కథను మొదటి నుంచీ మళ్ళీ లోపలే చెప్పుకున్నాడు. ఏడేళ్ళుగా నోట నానుతున్న కథ. ఏడేళ్ళుగా ఆ తలపాగా అక్కడే ఉంది.

వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. సిగ్గులేని ఆలోచన, కానీ ఎంతో మర్యాదగా వచ్చింది. వీడికి అడగడం రాదు, పాపం. రేపు అందరి ముందు నత్తి కొట్టి నవ్వులపాలవుతాడు. ఇంత మంచి ప్రశ్నను మంచి ఫార్సీలో అడిగేవాడు ఉండాలి. ప్రశ్న వాడిదైతే ఏం, భాష నాది కదా. అలా తనకు తాను సర్దిచెప్పుకుంటూ నీడలోకి వెళ్ళి, ఆ ప్రశ్నను చక్కటి వాక్యంగా కూర్చుకున్నాడు.

మర్నాడు తెల్లవారి నమాజు అయ్యాక అందరూ కూర్చున్నారు. పెద్దవాడు కాబట్టి మొదట మొహిద్దీనే లేచాడు. ఒక్క అక్షరం తొణకకుండా అడిగాడు. అడుగుతున్నంతసేపూ గురువుగారి ముఖంలోకే చూశాడు, వెలుగు వస్తుందా రాదా అని.

వచ్చింది. గురువుగారు మొహిద్దీనును చూశాడు. తర్వాత మెల్లగా లాలప్ప వైపు చూశాడు.

మొహిద్దీనూ అటే చూశాడు. ఇప్పుడు వాడు లేస్తాడు, ఇది నాది అంటాడు, పరువు పోతుంది అనుకున్నాడు.

లాలప్ప లేచాడు. ముఖం నిండా నవ్వు.

"నాదీ అదే, హజ్రత్," అన్నాడు. "అన్న నాకంటే బాగా అడిగినాడు."

గురువుగారు తల ఊపాడు. మిగతావాళ్ళ ప్రశ్నలు కూడా ఓపికగా విన్నాడు. చివరికి మొహిద్దీనును పిలిచి, ఈ ప్రశ్న తనకు నదిదాకా వస్తుందని చెప్పి, చెయ్యి పట్టుకుని గొర్రెతోలు మీద కూర్చోబెట్టాడు. కర్ర తీసుకున్నాడు. ఎవరూ వెంట రావద్దని చెప్పి గుట్ట దిగడం మొదలుపెట్టాడు.

ఏడేళ్ళ కోరిక తీరింది. శిష్యులు ఒక్కొక్కరే వచ్చి మొహిద్దీను చేతులు కళ్ళకద్దుకుంటున్నారు. అతను చిరునవ్వు పులుముకుని కూర్చున్నాడు. తోలు కింద రాయి ఏదో గుచ్చుతున్నట్టుంది. ఆఖరున లాలప్ప వచ్చాడు. చేతులు కళ్ళకద్దుకోలేదు. ఎదురుగా చతికిలబడి ఆ రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు. వాడి కళ్ళలో నీళ్ళున్నాయి.

"నీకు గూడా అనిపించిందా అన్నా?" అన్నాడు. "ఇన్నాళ్ళూ నాకొక్కనికే ఇట్లా అవుతాదేమో, తల చెడిందేమో అనుకుంటి. ఇంకా ఒకటుంది, చెప్పనా? ఆ పొద్దు ఆ ముసలాయన గూడా తాగినాడంటావా? కతలో యాడా లేదు. నీకేమనిపిస్తాది?"

మొహిద్దీనుకు ఏమీ అనిపించలేదు. లోపల ఎంత వెతికినా ఏమీ లేదు. ఎదురుగా వాడు జవాబు కోసం కాదు, తోడు కోసం చూస్తున్నాడు. ఏడాదిపాటు వాణ్ణి చూసి తను కుళ్ళుకున్నాడు. ఆ ఏడాదంతా వాడు ఒంటరిగా ఉన్నాడని అప్పుడు తెలిసింది. చేతులు విడిపించుకుని లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా గుట్ట కిందికి పరుగెత్తాడు.

గురువుగారు అప్పటికే చెరుకు తోటలు దాటి బండ్లబాటకు ఎక్కాడు. మొహిద్దీను రొప్పుతూ వెళ్ళి దారికి అడ్డం నిలబడ్డాడు. అరికాళ్ళు చీరుకుపోయి ఉన్నాయి.

"ఆ ప్రశ్న నాది కాదు హజ్రత్. లాలప్పది. గోడ చాటున విని దొంగిలించినాను."

"తెల్సు," అన్నాడు గురువుగారు. "వాడు అడిగేటప్పుడు బావిలోకి చూస్తాడు. నువ్వు నా మొగంలోకి చూసినావు."

మొహిద్దీను తల వంచుకున్నాడు. తోలు లాలప్పకే అప్పజెబుతానని, తను కోటకు వెళ్ళి ఉత్తరాలు రాసుకుంటానని గొణిగాడు.

"ఇచ్చింది నీకు," అన్నాడు గురువుగారు. "పో, పాఠానికి కాచుకోనుంటారు."

ఆయన మొహిద్దీనును దాటుకుని నాలుగడుగులు వేశాడు. మొహిద్దీను కదల్లేకపోయాడు. వెనక నుంచి పిలిచాడు. ఫార్సీలో మొదలుపెట్టాడు, మాట కుదరలేదు. తప్పు పలికాడు, దిద్దుకోబోయి ఇంకో తప్పు చేశాడు. చివరికి తెలుగులోకి దిగిపోయాడు. గురువుగారి వైపు చూడటం లేదు. కింద మట్టిలోకి చూస్తున్నాడు.

"దొంగనని తెల్సి గూడా, నన్నే ఎందుకు కూర్చోబెట్టినారు?"

గురువుగారు ఆగాడు. వెనక్కి తిరిగాడు. మొహిద్దీను తల ఎత్తి ఉంటే ఆ ముఖంలో వెలుగు కనిపించేది.

"ఈ ప్రశ్న నీది నాయనా," అన్నాడు ఆయన. "దీన్ని గూడా తీస్కపోతా."